భోజనానికి ముందు కాఫీ

ఆ హోటల్లో బల్ల దొరకాలంటే నెలల ముందే చెప్పి పెట్టుకోవాలట. మాకు దొరికింది. ఆ మధ్యాహ్నం నా ముందు పెట్టిన పదార్థాలన్నీ ఈ రోజుకీ వరసగా చెప్పగలను. వాటిలో ఒక్కదాని రుచి కూడా చెప్పలేను.

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇంజనీర్లు కొందరు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తూ ఉంటారు. విదేశం వెళ్ళి యంత్రం పరీక్షించి రావడం వాళ్ళకిప్పుడు అమలాపురం వెళ్ళి వచ్చినంత పని. "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అని అడుగుతారు. నేను ఏదో ఒకటి చెప్పి పంపేస్తాను. ఇది మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. యంత్రం సంగతి ఇందులో తక్కువ, అన్నం సంగతి ఎక్కువ. అందుకే చెప్పలేదేమో.

ఎనభైల మొదట్లో మాట. మా కోనసీమలో గ్యాసు కోసం బావులు తవ్వడం అప్పుడప్పుడే ఊపందుకుంది. కొబ్బరితోటల నడుమ ఇనప టవర్లు లేచాయి. కాకినాడలో డిప్లమో చదివి నేను ఆ పనిలో చేరాను. నాకు జాబితాల పిచ్చి ఉండేది. ఏ పని చెప్పినా ముందు కాగితం మీద అంకెలు వేసి, వరసగా రాసుకుని, అయినదానికల్లా టిక్కు పెట్టేవాణ్ణి. "వీడు ప్రార్థన కూడా నెంబర్లేసుకుని చేస్తాడు" అనేది మా అమ్మ.

నా పై అధికారిని అందరం పెద్దింజనీరు గారనేవాళ్ళం. కొత్తపేట వైపు రైతు కుటుంబం. మనిషి నిదానం, మాట మెత్తన. ఇంగ్లీషు మాట్లాడినా చివర "అండీ" తగిలించేవారు. భోజనమంటే ఆయనకి ప్రాణం. ఏ ఊరు క్యాంపుకు వెళ్ళినా జీపు దిగగానే మొదటి ప్రశ్న, "ఇవాళ కూరేంటండీ?" వంకాయ కూరలో కారం పెట్టిన తీరు చూసి అది ఏ ఊరి వంటో చెప్పేవారు.

అలాంటి మనిషి నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి సైటుకు వెళ్తూ రాజోలు దగ్గర మా ఇంటి ముందు జీపు ఆపారు. మధ్యాహ్నం వేళ. మా నాన్నగారు మిషను బడిలో పంతులు. మా తాత ఆ చుట్టుపక్కల పొలాల్లో కూలిపని చేసినవాడు. ఇంటికి ఎవరైనా అధికారి వస్తే నాన్నగారు బల్ల మీద తెల్లగుడ్డ పరిచేవారు. వచ్చినవాళ్ళు కూర్చునేవారు, ఆప్యాయంగా మాట్లాడేవారు, అన్నం మాత్రం వద్దనేవారు. "బొండం చాలండి మాస్టారూ" అనేవారు. కొబ్బరిబొండం నేరుగా చెట్టు మీంచి దిగుతుంది. అందులో మా ఇంటి నీళ్ళు కలవవు. ఈ సంగతి ఎవరూ పైకి అనరు. వాళ్ళు వెళ్ళాక నాన్నగారు ఆ గుడ్డను నలగకుండా మడిచి పెట్టెలో పెట్టేవారు. పెద్దింజనీరు గారు కూడా ఆ రోజు బొండమే తాగారు. ఎందుకో నేను అడగలేదు. అడిగే వయసూ కాదు, హోదా కూడా కాదు.

ఇక వాల్వు సంగతి. బావి నోటి దగ్గర బిగించే పెద్ద ఇనప పరికరం అది. లోపలి నుంచి గ్యాసు ఒక్కసారిగా తన్నుకొస్తే దాన్ని మూసెయ్యాలి. మూసుకుంటే అది మామూలు రోజు. మూసుకోకపోతే ఏమవుతుందో మా వైపు మనుషులకు బొమ్మ గీసి చూపించక్కర్లేదు. కోనసీమలో ఇల్లు, తోట, బడి, చర్చి, గుడి ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. పరిగెత్తుదామంటే అటు కాలవ, ఇటు కాలవ. మామిడికుదురు దగ్గర మేం తవ్వుతున్న బావికి దగ్గర్లోనే ఒక బడి ఉండేది. పిల్లలు ఎక్కాలు వల్లె వేస్తుంటే మా సైటులోకి వినబడేది.

ఆ బావికి వాల్వులు ఫ్రాన్సు నుంచి రావాలి. పంపేముందు అక్కడే పరీక్షించి, ఒప్పుకుంటున్నామని సంతకాలు పెట్టాలి. పెద్దింజనీరు గారినీ, సహాయానికి నన్నూ పంపారు. విమానం ఎక్కడం ఇద్దరికీ అదే మొదలు.

నది ఒడ్డున ఒక పట్నం. ఫ్యాక్టరీ శుభ్రంగా ఆసుపత్రిలా ఉంది. అక్కడ మాకు ఇద్దరితోనే ఎక్కువ పని పడింది. ఒకరు మేనేజరు, గుండ్రటి ఎర్రటి మొహం, నవ్వుతూ మాట్లాడే మనిషి. రెండోవాడు వర్కుషాపు ఫోర్మన్. తెల్ల మీసాలు, ఇంగ్లీషు తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని నేను గమనించాను. ఆఫీసుల్లో అలాంటివి మామూలే అనుకుని వదిలేశాను.

నా జాబితా ప్రకారం మొదటి రెండు రోజులూ పరీక్షలు చేశాం. కొలతలు, ఇనుము రకం, బోల్టులు, గ్యాసు కారకుండా లోపల బిగించే రబ్బరు రింగుల హామీపత్రం, అన్నిటికీ టిక్కు పడింది. చివరిది మిగిలింది. మూసిన వాల్వు వెనక నీళ్ళ ఒత్తిడి పెట్టి సాయంత్రం దాకా వదిలెయ్యాలి. మీటరు మీద సూది కదలకూడదు. కదలకపోతే మా ఇద్దరి సంతకాలు. మూడో రోజు పొద్దున ఒత్తిడి ఎక్కించి, గదికి సీలు వేసి, ఫోర్మన్‌ను కాపలా పెట్టారు.

"సూదిని చూస్తూ కూర్చుంటే ఏమొస్తుంది? రండి, భోజనానికి" అన్నాడు మేనేజరు. ఎక్కడికో ముందు రోజే చెప్పాడు. ఆ పేరు కాకినాడలో మాకు పాఠం చెప్పిన మేష్టారు కూడా ఎప్పుడో పత్రికలో చదివి చెప్పిన పేరు. ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్ళు అక్కడ తినడానికే ఆ పట్నం వస్తారట. అందుకే నేను ఆ పొద్దున హోటలు గదిలో ఇచ్చిన రొట్టె ముట్టుకోలేదు. కడుపు ఖాళీగా ఉంచుకున్నాను. పెద్దింజనీరు గారు మాత్రం రెండు రొట్టెలు తిని, నావి కూడా తిన్నారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

లోపలికి అడుగు పెట్టాం. బల్లల మీద తెల్లగుడ్డలు, ఇస్త్రీ పెట్టె ఇప్పుడే తీసినట్టు. మనిషికి ఇన్నేసి గ్లాసులు, ఇన్నేసి చెంచాలు. వడ్డించేవాళ్ళే కోటు వేసుకుని మాకంటే అధికారుల్లా ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. మా చర్చిలో ఆరాధన జరిగేటప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

వడ్డించే ఆయన వచ్చి వంగి, ముందు ఏం తీసుకుంటారని అడిగాడు.

"కాఫీ అండీ" అన్నారు పెద్దింజనీరు గారు.

వడ్డించే ఆయనకు అర్థం కాలేదు. మేనేజరు వంక చూశాడు. కాఫీ చివర్న ఇస్తారని మేనేజరు మెల్లిగా చెప్పాడు.

"ఆయ్, అలాగే. చివర్నా తాగుతానండి. ముందూ ఒకటి ఇప్పించండి."

కాఫీ వచ్చింది. వెనకాలే చిన్న పింగాణీ గిన్నెలో మీగడ వేసి ఉడికించిన కోడిగుడ్డు వచ్చింది. దాని మీద ఏవో సన్నగా తరిగిన నల్లటి పొరలు. ఆ వాసనకి నోరూరింది. చెంచా అందుకున్నాను.

పెద్దింజనీరు గారు తెలుగులో, మొహంలో నవ్వు చెదరకుండా అన్నారు. "ఏవోయ్, చెంచా కింద పెట్టు."

"ఎందుకండీ?"

"సూది నిలబడిందో లేదో తెలీకుండా భోజనం ఏంటయ్యా?"

నాకు ఇప్పటికీ ఆ క్షణం గుర్తుంది. చెంచా నా చేతిలోనే ఉండిపోయింది.

"మన వైపు సంబంధం మాటాడ్డానికెళ్ళినోళ్ళు మాట కుదిరేదాకా ఆ ఇంట్లో అన్నం తింటారా? కాఫీ, టిఫినీ వరకే. విస్తరి ముందు కూచున్నావంటే ఒప్పుకున్నట్టే కదా."

"ఇది సంబంధం కాదు కదండీ, వాల్వు."

"ఏం తేడా? ఇచ్చేవాడు వీడు, పుచ్చుకునేవాళ్ళం మనం. పిల్లైనా వాల్వైనా జీవితకాలం వెళ్ళినచోట పడుండాల్సిందే."

"మరి రాకుండా ఉండాల్సిందండి."

"రాకపోతే ఆయన్ని అవమానించినట్టు. తింటే ఒప్పుకున్నట్టు. అందుకే వచ్చి కూచున్నాం, కాఫీ తాగుతున్నాం." కాఫీ ఒక గుక్క తాగి, గొంతు తగ్గించి అన్నారు. "మా మేనత్త సంబంధానికి మా తాత వెళ్ళి భోజనం చేసొచ్చేసేడు. పిల్లాడికి మూర్ఛలని ఆ సాయంత్రం తెలిసింది. ఆళ్ళ చేతి అన్నం తిన్నాక ఎలా కాదంటాను అన్నాడు. ఆవిడ ఎలా బతికిందో నేను చూసేను."

సంతకం నాదీ ఉంది. చెంచా కింద పెట్టేశాను.

గుడ్డు అలాగే వెనక్కి వెళ్ళింది. తరవాత చేప వచ్చింది. వెన్నలో వేగి, పైన పల్చటి తెల్లటి సాస్. ముక్క చూడగానే గుర్తుపట్టాను. మా పండుగప్పే. సముద్రమూ కాలవా కలిసేచోట మా వైపు దొరుకుతుంది. పెద్దింజనీరు గారూ గుర్తుపట్టారు. ఆయన దాని వంక చూసిన చూపు, కాశీకి వెళ్ళేవాళ్ళని సాగనంపే చూపులా ఉంది. "వెన్న సరిగ్గా కాచేడోయ్, మాడనివ్వలేదు" అన్నారు వాసన చూసి. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

చేపా వెనక్కి వెళ్ళింది. పక్క బల్లల వాళ్ళు మా వైపు చూడడం మొదలుపెట్టారు. మేనేజరు తినడం మానేశాడు. అతని నుదురు మీద చెమట పట్టింది. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుని ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. తెల్ల కోటు, తల మీద పొడుగు తెల్ల టోపీ. హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆ హోటలుకున్నది ఆయన పేరే. ఆయన్ని చూడడానికే జనం వస్తారట.

నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏదో అడిగాడు. మేనేజరు ఇంగ్లీషులో చెప్పాడు. "ఏం తప్పు జరిగిందని అడుగుతున్నారు."

పెద్దింజనీరు గారు చటుక్కున లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. "నో మిస్టేక్ అండీ. వెరీ గుడ్ స్మెల్ అండీ."

ఆ మాట విని వంటాయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. మా పళ్ళాల వంక ఒకసారి చూసి, చేతిలోని తుండుగుడ్డను నెమ్మదిగా మడుస్తూ నిలబడ్డాడు. ఒక మడత, మళ్ళీ ఒక మడత. ఆ మొహం నాకు తెలుసు. ఎంతో శుభ్రంగా, ఎంతో మనసుపెట్టి ఇంటికి పిలిస్తే, వచ్చినవాడు నవ్వుతూ కూర్చుని అన్నం ముట్టకుండా లేచిపోతే వచ్చే మొహం అది. ఫ్రాన్సులో పొడుగు టోపీ కింద మా నాన్నగారి మొహం చూస్తానని నేను అనుకోలేదు.

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. మేనేజరు నా వైపు వంగి అడిగాడు. "మీ దేశంలో దీనికి ఏమైనా అర్థం ఉందా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "రెండు పక్షాలకూ మనసులో ఏ అనుమానమూ లేదని తేలేదాకా మా వాళ్ళు ఎదుటివారి ఇంట భోజనం చెయ్యరు."

నేను చెప్పింది మా ఆచారం. అతను విన్నది వేరే. ఎర్రటి మొహం పాలిపోయింది. కుర్చీ వెనక్కి నెట్టి టెలిఫోను దగ్గరికి వెళ్ళాడు. అతను ఫోనులో గొంతు పెంచడం, తరవాత తగ్గించడం మా బల్ల దాకా వినబడుతూనే ఉంది. ఈలోగా మూడో పదార్థం వచ్చింది, ఏదో పక్షి మాంసం. దాని వాసన గురించి రాయను.

తిరిగొచ్చి కూర్చుని, బల్లగుడ్డ వంక చూస్తూ చెప్పాడు. "ఫోర్మన్ మీకేమీ చెప్పలేదంటున్నాడు. అయితే మీకెలా తెలిసిందో నాకు తెలీదు. సరే. రింగులు మీరడిగినవి కావు."

ఆ యాస అంతుచిక్కక పెద్దింజనీరు గారు నవ్వు మొహంతోనే నన్ను అడిగారు. "ఏవంటున్నాడోయ్?"

"రబ్బరు రింగులు మనం అడిగినవి వెయ్యలేదంటండి."

ఆయన చేతిలోని కప్పు సాసరులో పెట్టేశారు. మేనేజరు చెప్పుకుంటూ పోయాడు. మా బావి గ్యాసు సలసల కాగుతూ వస్తుంది. ఆ వేడికి ఆగే రబ్బరు వేరు. అది సమయానికి అందలేదు. మామూలు రబ్బరుతో రింగులు చేసి బిగించేశారు. పైకి రెండూ ఒకలాగే నల్లగా ఉంటాయి. చన్నీళ్ళతో చేసే పరీక్షలో సూది నిలబడుతుంది, ఎన్ని గంటలైనా నిలబడుతుంది. వేడిలో మాత్రం ఈ రింగులు కొన్ని నెలలకు పెళుసెక్కి చిట్లిపోతాయి. "మీరు బావికి బిగించేలోగా అసలువి పంపేద్దామనుకున్నాను" అన్నాడు. నిజంగానే అనుకుని ఉండవచ్చు. ఫోర్మన్ ఒప్పుకోక అతనితో మాటలు మానేశాడట.

నాకు ఎక్కాలు వల్లె వేసే ఆ బడి చప్పుడు చెవుల్లో వినబడింది.

"మాకేమీ తెలీదండి" అన్నారు పెద్దింజనీరు గారు ఇంగ్లీషులో, నిజాయితీగా. మేనేజరు తల ఊపాడు. అతను ఆ మాటను నమ్మలేదు. మా మర్యాద అనుకున్నాడు. ఈ రోజుకీ మేం అతని గుట్టు ఎలాగో పసిగట్టామనే అనుకుంటూ ఉండి ఉంటాడు.

ఆ కుర్ర ఇంజనీర్లకి చెబితే ఇక్కడ నన్ను ఆపి, చూశారా మన ఆచారాల్లో ఎంత అర్థముందో అంటారు. నాకలా అనిపించదు. మేనేజరు గుండె నిబ్బరంగలవాడైతే పక్షి మాంసం తినేసి ఊరుకునేవాడు. మేం సాయంత్రం సంతకాలు పెట్టేవాళ్ళం. ఆ రోజు మమ్మల్ని కాపాడింది మా తెలివీ కాదు, ఆచారమూ కాదు. అతని మనసులో ఏదో మూల మిగిలిన భయం.

లేచి వస్తుంటే వంటాయన గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. పెద్దింజనీరు గారు ఆగారు. "చెప్పవోయ్, పని కుదిరేక మళ్ళీ వస్తాం, అప్పుడు కడుపునిండా తింటాం అని." నేను చెప్పాను, మేనేజరు వాళ్ళ భాషలోకి మార్చాడు. వంటాయన మర్యాదగా తల వంచాడు. ఆయన మొహం అలాగే ఉంది.

ఫ్యాక్టరీలో సూది నిలబడే ఉంది. ఎవరూ దాని వంక చూడలేదు. ఫోర్మన్ వాల్వు విప్పి రింగు బయటికి తీసి, మా ముందు బల్ల మీద పెట్టి, మొదటిసారి నవ్వాడు. సంతకం లేదు, ఒప్పందం లేదు, కాబట్టి భోజనమూ లేదు. హోటలు గదిలో పెద్దింజనీరు గారి ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరి ఉండలు తిని పడుకున్నాం.

మరుసటి ఏడాది అసలు రింగులతో వాల్వులు వచ్చాయి. వాటితో పాటు బిగించి చూపించడానికి ఫోర్మన్ వచ్చాడు. మామిడికుదురు సైటులో మూడు రోజుల పని. అతిథిగృహంలో వంటమనిషి జ్వరమొచ్చి పడుకున్నాడు. ఫోర్మన్ కడుపుకు హోటలు కూడు పడలేదు. సాయంత్రం వేడి గ్యాసుతో పరీక్ష అనగా, ఆ మధ్యాహ్నం మా అమ్మ కబురు చేసింది, అందరినీ భోజనానికి తీసుకురమ్మని.

నేను నసుగుతూ చెప్పాను. "మా ఇంటి దగ్గర వంట చేయిస్తున్నారండి. మీకు వీలైతేనే..."

"ఆయ్, వెళ్దాం" అన్నారు పెద్దింజనీరు గారు. ఆ "ఆయ్" లో నాకేమీ దొరకలేదు. ముందుజాగ్రత్తగా నాన్నగారితో చెప్పి వరండాలో రెండు బొండాలు దింపించి ఉంచాను.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. అరిటాకులు వేసి ఉన్నాయి. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పండుగప్ప పులుసు. నాన్నగారు నిలబడి ప్రార్థన చేశారు. దొర వచ్చాడని కాస్త పొడుగే చేశారు. పెద్దింజనీరు గారు కళ్ళు మూసుకుని చివరిదాకా కదలకుండా కూర్చున్నారు. అమ్మ ముందు ఫోర్మన్ ఆకులో అన్నం పెట్టింది.

ఫోర్మన్ దాని వంక చూశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎంతో మర్యాదగా, వచ్చిన కొద్ది ఇంగ్లీషులో అన్నాడు. "కాఫీ, ప్లీజ్."

అమ్మ గరిటెతో అలాగే ఆగిపోయింది.

"తినరా అండీ?" అంది అమ్మ.

ఫోర్మన్ నా వైపు చూసి, కష్టపడి, ఒక్కొక్క మాటా పేర్చి చెప్పాడు. పరీక్ష సాయంత్రం. అది కాకుండా తినకూడదని మేనేజరు చెప్పి పంపాడు. మీ ధర్మం. నేను మీ ధర్మాన్ని పాటిస్తాను. పెద్దింజనీరు గారి వైపు చూసి, మెప్పు కోసం తల వంచాడు.

అమ్మకు ఆ ఇంగ్లీషు రాదు. ఆమెకు తెలిసింది ఒకటే. సముద్రాలు దాటి వచ్చినవాడు కూడా మా ఇంట్లో కూర్చుని అన్నం వద్దన్నాడు. గరిటె గిన్నెలో పెట్టేసింది. నాన్నగారు, ఏమీ జరగనట్టు, అలవాటైన గొంతుతో అన్నారు. "బొండం కొట్టించరా."

నేను లేవబోయాను.

"కూచోవయ్యా" అన్నారు పెద్దింజనీరు గారు. ఆయన నాన్నగారి వంకే చూస్తున్నారు. నాన్నగారి చెయ్యి బల్లగుడ్డ అంచు మీద ఉంది, వేళ్ళు దాన్ని మడుస్తున్నాయి. ఆ హోటల్లో తుండుగుడ్డ మడిచిన వంటాయన చేతులు చూసింది నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదనుకుంటాను.

"మాస్టారూ, ఇదంతా నా వల్ల వచ్చిందండి. ఆయన తప్పేం లేదు. నేను నేర్పిన చదువే." అంటూ అరిటాకును దగ్గరికి లాక్కున్నారు. "అమ్మా, ముందు నాకు పెట్టండి. ఆ పులుసు ఇటు."

అమ్మ కదల్లేదు.

"పెట్టండమ్మా. ఎప్పుడో తినాల్సింది."

ఆమె వడ్డించింది. ఆయన కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఫోర్మన్ కళ్ళు పెద్దవయ్యాయి. "టెస్ట్? నీడిల్?" అన్నాడు నాతో. పాపం, అంత దూరం నుంచి నేర్చుకుని వచ్చిన ధర్మం కళ్ళముందే చెదిరిపోతుంటే నిర్ఘాంతపోయాడు.

"ఒప్పేసుకున్నాను అని చెప్పవోయ్ ఆయనకి" అన్నారు పెద్దింజనీరు గారు, ముల్లు తీస్తూ. "ఈ ఇంట్లో అన్నం తిన్నాక ఇంకేముంది? సాయంత్రం అది మూసుకోవాల్సిందే."

చెప్పాను. ఫోర్మన్ కాసేపు ఆయన్నీ, ఆకునూ మార్చి మార్చి చూశాడు. తరవాత చొక్కా చేతులు పైకి మడిచి, వేళ్ళతో, అన్నం మొత్తం పారబోసుకుంటూ తినడం మొదలుపెట్టాడు. "పిల్లాడికి పప్పు వెయ్యండి, పులుసు ఘాటు" అని ఆ తెల్ల మీసాల మనిషి గురించి పెద్దింజనీరు గారు అంటే అమ్మ మొదటిసారి నవ్వింది. "దొరగారికి నెయ్యి అలవాటుందా అండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోసేసింది.

సాయంత్రం బావి దగ్గర వాల్వు మూసి, వెనక నుంచి గ్యాసు ఒత్తిడి వదిలాం. ఇనుము వేడెక్కుతున్న వాసన వచ్చింది. మీటరు ముందు ముగ్గురం నిలబడ్డాం. నేను అప్పటికి ఎన్నో పరీక్షలు చూశాను. పెద్దింజనీరు గారు అలా చెమటలు కక్కడం చూడలేదు. సూది వణికితే ఆయన ఇక నోరెత్తలేరు. వాళ్ళ తాతలాగే.

"కడుపునిండా తిని ఇలా నిలబడ్డం ఇదే మొదలోయ్" అన్నారు చిన్నగా.

బడి వదిలిన చప్పుడు వినిపించింది. పిల్లలు కాలవ గట్టు మీద అరుచుకుంటూ పోయారు. సూది కదల్లేదు. తరవాత కూడా కదల్లేదు. ఫోర్మన్ మీటరు అద్దం మీద వేలితో తట్టి చూశాడు. అప్పటికీ కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో జీపులో పెద్దింజనీరు గారు అన్నారు. "ఆ వంటాయనకి మళ్ళీ వస్తామని చెప్పేం కదూ."

"ఆయ్, చెప్పేమండి."

"వెళ్ళలేం. పెద్ద తప్పోయ్ అది" అన్నారు. ఆయన ఎవరి గురించి అన్నారో, ఎప్పటి గురించి అన్నారో నేను అడగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి వరండాలో బొండాలు రెండూ అలాగే ఉన్నాయి. నాన్నగారు వాటిని కొట్టి ఒకటి నాకిచ్చి, ఒకటి తాను తాగారు. బల్ల మీద గుడ్డ ఇంకా తియ్యలేదు. పెద్దింజనీరు గారు కూర్చున్న చోట అరచేతి మేర పులుసు మరక పడి ఉంది. అమ్మ నానబెడతానని లాగబోయింది.

"రేపు ఉతుకుదువుగానిలే" అన్నారు నాన్నగారు.